గోరు ఆగిన చోట

ఒక కత్తి ఉండేది. దానికి కూరగాయలు తెలియవు, మాంసం తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ అది కోసింది ఒక్క అభ్రకాన్నే.

బొగ్గు బావి ఒడ్డున ఒక పెద్ద మోటారు ఉంది. అది తాడు చుడితే మనుషులతో నిండిన ఇనప కేజ్ బావిలోంచి పైకి వస్తుంది, తాడు వదిలితే కిందికి దిగుతుంది. ఆ మోటారుకి ఒక కొసన రాగి కడ్డీలు పక్కపక్కనే గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఒక కడ్డీలో కరెంటు పక్కదానిలోకి దూకకుండా రెండింటి మధ్యా పల్చటి అభ్రకం రేకు, అదే మైకా, నిలబెట్టి ఉంటుంది. పైన కరెంటు అందించే కార్బన్ బ్రష్షు ఆనుకుని ఉంటుంది, కింద రాగి గిర్రున తిరుగుతుంది. ఈ మొత్తాన్నీ కమ్యుటేటర్ అంటారు.

రాగి మెత్తనిది, అరుగుతుంది. అభ్రకం మొండిది, అరగనంటుంది. కొన్నాళ్లకి రాగి కిందికి దిగి అభ్రకం తలెత్తుతుంది. బ్రష్షు దాన్ని తన్నుకుని ఎగురుతుంది, ఎగిరినప్పుడల్లా నిప్పు రేగుతుంది. అందుకని అభ్రకాన్ని రాగి కంటే కాస్త లోతుకి కోసి గాడి చెయ్యాలి. పూర్తిగా తీసెయ్యకూడదు, తలెత్తనివ్వకూడదు. ఆ పని కత్తిది.

కత్తిని చేసినవాడు మిస్త్రీ. ఇనుము కోసే హాక్సా రంపం విరిగిన బ్లేడు ముక్క తీసుకుని, పక్కలు సానబట్టి, గాడి వెడల్పుకి సరిగ్గా సరిపెట్టి, చింత కొయ్య పిడి బిగించాడు. బావికి సెలవొచ్చిన రోజు మోటారు ఆపి, ముందు కత్తిని రాతి మీద సానబట్టి, తర్వాత ఒక్కొక్క గాడీ గీసుకుంటూ పోయేవాడు. అంతా అయ్యాక ప్రతి గాడిలోనూ రాగి అంచు వెంబడి బొటనవేలి గోరు దింపి లాగేవాడు. అభ్రకం పొర ఎక్కడన్నా మిగిలితే గోరు ఆగుతుంది. ఆగకపోతే పని అయినట్టు. ఆ బావి దగ్గర తరాలుగా ఇదే పద్ధతి.

మొదట్లో గాడిలో దూరడానికి కత్తి నానా తంటాలూ పడేది. మిస్త్రీ చెమటలు కక్కేవాడు. ఏళ్లు గడిచే కొద్దీ పని తేలికైంది. ఇప్పుడు ఇలా పెడితే అలా పోతోంది.

"చూశావా నా పదును?" అంది కత్తి.

"చూశాను," అంది అభ్రకం. "మొదట్లో నువ్వొస్తే నాకు ఊపిరాడేది కాదు. ఇప్పుడు హాయిగా ఉంది."

కత్తి దీన్ని పొగడ్త కింద జమ కట్టుకుంది. పొగడ్త అనిపించిన మాటని రెండోసారి ఆలోచించే అలవాటు కత్తులకి లేదు, మనుషులకీ లేదు.

ఆ సెలవు రోజు మిస్త్రీ చివరి గాడులు గీస్తుండగా డ్రైవర్ లోపలికి వచ్చాడు. మోటారు నడిపేది అతనే. మిస్త్రీ భార్యకి సొంత తమ్ముడు.

"బావా, అయితలేదా ఇంకా? కింద పంపు ఆగిందంట. నీళ్లెక్కుతున్నయ్. నిన్ను జల్ది దింపుమని గంట మీద గంట కొడుతున్రు."

"జర ఆగు బామ్మర్దీ, గోరు పెట్టి సూడనియ్యి."

మిస్త్రీ గాడులన్నింటిలోనూ గోరు లాగాడు. ఒక్కదాన్నీ వదల్లేదు. ఎక్కడా ఆగలేదు.

"నున్నగున్నది. ఇగ నడుపు," అని కత్తిని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం అతనికి ఇష్టం ఉండదు. పెళ్లాం వంటింట్లోకి తెచ్చుకుంటే కూడా లాక్కునేవాడు.

కేజ్ కిందికి దిగింది. దిగేటప్పుడు బ్రష్షుల కింద సన్నటి నీలం మెరుపులు కనిపించాయి. కొత్తగా కోశారు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాడు డ్రైవర్. కాస్త గుబులుగానే అనుకున్నాడు. కానీ బావ పని మీద బావమరిదికి అనుమానం రాకూడదు, వచ్చినా పైకి అనకూడదు.

మిస్త్రీ పంపు బాగుచేశాడు. సెలవైనా నీళ్లు తోడడానికి ముందు రాత్రే దిగి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడ్డవాళ్లు అతన్ని మెచ్చుకున్నారు. సాయంత్రం అందరూ కలిసి కేజ్ ఎక్కారు. దిగేటప్పుడు అతనొక్కడే. ఇప్పుడు కేజ్ కిక్కిరిసి ఉంది.

బరువు పడేసరికి మోటారు మూలిగింది. సగం దారి దాటాక నీలం మెరుపులు ఒకదాన్నొకటి అందుకున్నాయి. పైన డ్రైవర్ చూస్తుండగానే రాగి చుట్టూ నిప్పు వలయం కట్టింది. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే మోటారు కాలిపోతుంది. అతను కరెంటు తీసేసి బ్రేకు వేశాడు.

కేజ్ ఒక్క కుదుపుతో ఆగింది. పైకి చూస్తే పగటి వెలుగు అన్నం కంచమంత కనిపిస్తోంది. కిందకి చూస్తే ఏమీ కనిపించడం లేదు. పక్క గోడల్లోంచి నీళ్లు టపటపా రాలుతున్నాయి.

అప్పుడు బరువుకి బ్రేకు జారి కేజ్ జానెడు కిందికి దిగింది.

 అందరూ ఊచలు పట్టుకున్నారు. పైన, డ్రైవర్‌కి గంట కొట్టి సైగ చేసే మనిషి పరుగున వచ్చి బ్రేకు పిడి మీద బోర్లా పడి ఒళ్లంతా వేలాడేశాడు. అయినా ఇంకోసారి జారింది.

"మిస్త్రీ," అన్నాడు కేజ్‌లో ఉన్న ఒక ముసలి కార్మికుడు, "గా మోటరు పొద్దుగాల నువ్వు జేసిందే గదా?"

మిస్త్రీ తల పైకెత్తి గొంతు చించుకుని అరిచాడు. "బామ్మర్దీ! నిప్పు ఎక్కడ లేస్తున్నది?"

బావిలో మాట తిరుగుతూ పైకి వెళ్లింది. తిరుగుతూ కిందికి వచ్చింది.

"అన్ని బ్రష్షుల కింద, బావా!"

"బ్రష్షులు లేపి గాడిల గోరు పెట్టి సూడు!"

 కాసేపటికి డ్రైవర్ గొంతు వచ్చింది. 

"ఆగుతున్నది బావా. ఒక పక్క రాగికి ఆనుకోని మైకా పొర నిలవడ్డది. అన్ని గాడులల్ల గట్లనే ఉన్నది. నువ్వు గోరు పెట్టి సూసినన్నవ్ గదా?"

ఆ ప్రశ్న కిందికి వచ్చి కేజ్‌లో అందరి మధ్యా నిలబడింది. ముసలాయన మిస్త్రీ ముఖంలోకి చూశాడు. మిస్త్రీ జేబులోంచి కత్తి తీసి రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి చూశాడు. చీకట్లో చూపుకంటే వేళ్లకే బాగా తెలుస్తుంది. కత్తి తాటాకులా ఉంది. సానబట్టిన ప్రతిసారీ రాయి కాస్త కాస్త దాని పక్కల్ని తినేసింది. పదును పెరిగిందనుకుంటూ అది సన్నబడింది. గాడి మధ్యలోంచి హాయిగా పోతూ ఒక పక్క పొరని వదిలేస్తూ వచ్చింది.

కత్తికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. అభ్రకం అన్న మాట అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయింది.

"నీ సొరుగుల కొత్త హాక్సా బ్లేడు ఉంటది!" అని అరిచాడు మిస్త్రీ. "ముక్క ఇరిచి, పొరను గీకెయ్యి!"

"నాకు రాదు బావా, నేనెన్నడు జెయ్యలే!"

"వస్తది. రాగిని ఆనుకోని గీకు. గాడెంట పో."

డ్రైవర్ బ్లేడు విరిచి గుడ్డ చుట్టాడు. పైనున్న గాడులు గీకాడు, పక్కలవి గీకాడు. అడుగు భాగం మిగిలింది. మోటారు తిప్పుదామంటే దానికి కట్టిన తాడు చివర మనుషులున్నారు. మోటారు కింది గుంటలోకి పాకి వెల్లకిలా పడుకుని, చేతులు పైకెత్తి గీకసాగాడు. సాన తెలియని మొద్దు బ్లేడు గాడిలో ఇరుక్కుని కదలనంది. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. అభ్రకం పొడి కళ్లలో పడుతోంది.

అంతలో బ్రేకు జారింది. కింద కేజ్ జానెడు దిగింది, పైన అతని మొహానికి బెత్తెడు ఎత్తున రాగి గిర్రున కదిలింది. గాడిలో ఉన్న బ్లేడు చేతిలోంచి ఊడి రెండు వేళ్లు చీరేసింది. నెత్తురు మొహం మీద పడింది.

"ఇగ నాతోని కాదు!" గంట మనిషి ఏడుస్తున్నాడు. "చేతులు పడిపోతున్నయ్!"

"జరసేపు పట్టు అన్నా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు డ్రైవర్ గుంటలోంచి. "మా అక్కకు ఏం మొహం సూపియ్యాలె నేను?"

కింద మిస్త్రీకి ఆ మాటలు వినిపించాయి. వినిపించకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. భయం కన్నా అవమానం ఎక్కువగా ఉంది అతనికి. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ తిట్టడం లేదు, అదే భరించలేకపోతున్నాడు. ఆ కోపమంతా పోవడానికి ఒక దారి కావాలి. చేతిలో కత్తి ఉంది.

"దీనెంబడే ఇదంత," అన్నాడు అందరికీ వినపడేలా. "ఇన్నేండ్లు నమ్మిన. మోసం జేసింది."

కేజ్ ఊచల మధ్య నుంచి కత్తిని బావిలోకి విసిరేశాడు. అది గోడకి ఒకసారి తగిలి ఠంగున మోగింది. ఆ తర్వాత చప్పుడు లేదు. కత్తి తరఫున మాట్లాడేవాళ్లు కేజ్‌లో లేరు. అందరూ తలలూపారు. ఎవరిదో ఒకరిది తప్పని తేలితే మనసుకి కొంచెం నిమ్మళంగా ఉంటుంది, వేలాడుతున్నప్పుడు మరీను.

మరికాసేపటికి తాడు బిగుసుకుంది. కేజ్ కదిలింది. మెల్లగా, ఆగి ఆగి, కానీ పైకే. బ్రష్షుల కింద అక్కడక్కడా ఒక్కో మెరుపు మెరిసింది తప్ప వలయం కట్టలేదు. కంచమంత వెలుగు చాటంతైంది, గుమ్మమంతైంది. మనుషులు ఒడ్డున పడ్డారు. ముసలాయన నేల మీద కూర్చుని మట్టిని చేత్తో నిమిరాడు.

మిస్త్రీ పరుగున వెళ్లి బావమరిదిని వాటేసుకుని బావురుమన్నాడు. నెత్తురోడుతున్న అతని చేతిని తన తలగుడ్డ చింపి కట్టాడు. తర్వాత ఆ మొద్దు బ్లేడు ముక్కని తీసుకెళ్లి కొత్త కత్తి చేశాడు. పక్కలు గాడికి సరిపెట్టాడు. చింత కొయ్య పిడి బిగించాడు. పాత కత్తి చేసిన ద్రోహం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు.

మళ్లీ సెలవొచ్చింది. కొత్త కత్తి గాడిలో దూరడానికి నానా తంటాలూ పడింది. మిస్త్రీ చెమటలు కక్కాడు.

"నువ్వొస్తే ఊపిరాడటం లేదు," అంది అభ్రకం.

కొత్త కత్తి చిన్నబోయింది.

గీయడం అయ్యాక మిస్త్రీ అన్ని గాడుల్లోనూ గోరు లాగాడు. ఎక్కడా ఆగలేదు. లేచి చేతులు దులుపుకున్నాడు. బావి ఒడ్డున నీళ్లు తోడే మనుషులు దిగడానికి వరసలో నిలబడి ఉన్నారు.

"నున్నగున్నది. ఇగ నడుపు."

డ్రైవర్ తన కుర్చీలోంచి లేచాడు. వచ్చి మోటారు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏందిరా?" అన్నాడు మిస్త్రీ.

"ఏం లేదు బావా. నేను గూడ ఒకపాలి గోరు పెట్టి సూస్త."

"నేను సూసిన గదా."

"నువ్వు సూసినవ్. నేను సూడలే."

మిస్త్రీ మొహం మాడిపోయింది. ఇన్నేళ్లలో అతని పని మీద ఇంకొకరు గోరు పెట్టలేదు. గంట మనిషి చూస్తున్నాడు. వరసలో ఉన్నవాళ్లు కూడా చూస్తున్నారు. నోటిదాకా వచ్చిన మాటని మింగి పక్కకి జరిగాడు.

డ్రైవర్ ఒక్కొక్క గాడిలో గోరు దింపి లాగుతూ పోయాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. నున్నగా పోయింది, మళ్లీ నున్నగా పోయింది. మిస్త్రీ ఊపిరి తేలికపడబోతుండగా, ఒక గాడిలో సగం దూరం వెళ్లాక గోరు టక్కున ఆగింది.

డ్రైవర్ గోరు తియ్యకుండా అలాగే ఉంచాడు.

మిస్త్రీ వంగి అదే గాడిలో, అదే చోట తన బొటనవేలి గోరు దింపి లాగాడు. అది ఆ చివర నుంచి ఈ చివర దాకా హాయిగా జారిపోయింది.

అతను చెయ్యి వెలుతురులోకి పెట్టి చూసుకున్నాడు. ఏళ్లూ పూళ్లూ రాగి అంచుల మీద రుద్ది రుద్ది ఆ గోరు పల్చబడి, కొస గుండ్రంగా అరిగిపోయి, వేలి చర్మంలో కలిసిపోయి ఉంది.

బయట గంట మోగింది. "ఆగుమను," అన్నాడు మిస్త్రీ. కొత్త కత్తిని తీసి బావమరిది చేతిలో పెట్టాడు. తర్వాత గడప దాటి బావి ఒడ్డుకి వెళ్లి, పాత కత్తిని విసిరేసిన చీకట్లోకి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.