కొండలరావు చెవిదాకా

వెలగవాగు అడవిలో దుంగలు లాగే పనంతా కొండలరావు అండ్ సన్స్‌దే. అంటే కొండలరావు అనే ఏనుగు, ఆయనగారి మంద. బురద పట్టిన దుంగల్ని వాగులో కడిగేవాళ్లు. అందరూ నీళ్లు తాగే రేవుకు దిగువనే కడగాలని అడవి పెద్ద జాంబయ్య ఎలుగుబంటి కట్టడి పెట్టాడు.

అంతదూరం నడవాలంటే కొండలరావుకి బద్ధకం. ఓ రోజు అందర్నీ కూర్చోబెట్టి, "మనలో మనకి ఈ కట్టడి దేనికి? ఎవరికి ఇబ్బందైనా నేరుగా నా చెవిన వేయండి. వెంటనే ఆపేస్తాను," అన్నాడు తీయగా.

అంత పెద్దాయన తనతో సమానంగా మాట్లాడేసరికి కుందేలు చుక్కమ్మ పొంగిపోయింది. "నా సంగతి నేను చూసుకోగలను జాంబయ్య మామా, నీ కాపలా నాకెందుకు?" అంది. మిగతావాళ్లూ తలలూపారు. "మీ ఇష్టం," అని జాంబయ్య కట్టడి ఎత్తేశాడు.

మర్నాటి నుంచే దుంగల్ని రేవుకు ఎగువన కడగడం మొదలైంది. ఆ బురదనీళ్లు తాగి చుక్కమ్మ పిల్లలు కడుపునొప్పితో మూలపడ్డారు. ఆవిడ పరుగున వెళ్లి, "కొండలరావుగారూ, కాస్త ఆపండి," అంది.

ఆయన చెవి ఎక్కడో కొమ్మల దగ్గరుంది. చుక్కమ్మ గెంతింది, చివరికి పుట్టెక్కి అరిచింది. "ఏదో దోమలా ఉందే," అని ఆయన చెవి విసిరాడు. ఆ గాలికి ఆవిడ కిందపడింది.

ఇంటికొచ్చి పిల్లల్ని నిమురుతూ, తను పోయిన గొప్పలు తలుచుకుని సిగ్గుపడింది. తరవాత లేచి ప్రతి గూటికీ, ప్రతి కలుగుకీ వెళ్లి మాట్లాడింది.

మధ్యాహ్నం కొండలరావు పడుకుని కునుకు తీస్తుంటే కప్పలు వచ్చి చెవి దగ్గర కూర్చున్నాయి. "చెవిన వేయమన్నారుగా, వచ్చాం." అవి వెళ్లగానే ఉడతలు, వాటి వెనక ఎలుకలు. విసుగెత్తి లేచి నిలబడితే గోరింకలు చెవి మీదే వాలాయి. దుంగల పని ఆగిపోయింది.

"ఒక్కొక్కరూ ఇలా పీక్కుతింటే ఎలా?" అని మళ్లీ కూలబడి మూలిగాడు కొండలరావు. "అందరి తరఫునా ఎవరో ఒకరొచ్చి, ఏం చేయాలో ఒకేసారి చెప్పకూడదూ?"

"అలాగేనండి," అంది చుక్కమ్మ ఆయన చెవి దగ్గరకొచ్చి, వినయంగా. "జాంబయ్య మామ ఇక్కడే ఉన్నాడు, పిలవమంటారా?"

జాంబయ్య వచ్చి, "రేవుకు దిగువన," అని ఒక్క మాట చెప్పి వెళ్లాడు. కొండలరావు లేచి దుంగ ఎత్తుకున్నాడు.

"నాన్నా, కట్టడి మనమే అడిగి పెట్టించుకున్నామా?" అన్నాడు పెద్దకొడుకు.

"నడవరా," అన్నాడు కొండలరావు.

నీతి: బలవంతుడి మంచి మాటను నమ్ముకోవడం కన్నా, అందరికీ వర్తించే కట్టడిని కాపాడుకోవడం మేలు.