చిప్పలో పన్నెండు బిళ్ళలు

చుక్కమ్మకు కాలు ఒక చోట నిలవదు. కళ్ళం పక్క పాకలో ఉండే ఈ చుక్కలకోడికి పన్నెండు పిల్లలు. లెక్కపెడదామంటే ఒక్కటీ కుదురుగా నిలబడదు. ఒకసారి పదకొండు వస్తాయి, ఇంకోసారి పద్నాలుగు. పద్నాలుగు వచ్చిన రోజు ఎవరి పిల్లలో ఏమోనని ఇంకా హైరానా పడింది.

చివరికి సంతమైదానంలో కాళ్ళతో గీరి గీరి పన్నెండు రూపాయి బిళ్ళలు ఏరుకొచ్చింది. పొద్దున బయటికి పోయే ప్రతి పిల్లా గుమ్మం దగ్గరి లోతు లేని చిన్న కొబ్బరిచిప్పలో ఒక బిళ్ళ వెయ్యాలి. సాయంత్రం వస్తూ ఒకటి తియ్యాలి. చిప్ప ఖాళీ అయితే అందరూ వచ్చేసినట్టే, తలుపు వేసుకోవచ్చు.

"గబుక్కున లెక్కపెట్టకండర్రా. ముందు కంటితో చూసి ఎన్నుంటాయో చెప్పండి, ఆ తర్వాతే లెక్క," అనేది పిల్లలతో. పన్నెండూ పడితే పై బిళ్ళ చిప్ప అంచు దాటి కనబడేది.

ఇదంతా కంచె అవతలి నుంచి నక్క జిత్తయ్య చూశాడు.

"ఎందుకమ్మా ఈ తిరుగుడు? కాసేపు నడుం వాల్చు. చిప్ప దగ్గర నేను కూచుంటాను. పళ్ళూడినవాణ్ణి, నాకింకేం పని?"

కాళ్ళు పీకుతున్న చుక్కమ్మ సరేనంది. పిల్లికి పాలు కాపలా పెట్టడమంటే ఇదే. పిల్లలు బయల్దేరుతుంటే జిత్తయ్య తిండిపోతు బుజ్జోడి చెవిలో ఊదాడు. "తుమ్మపొద దగ్గర చెదలపుట్ట పగిలింది. చీకటి పడేదాకా తిను, ఎవరికీ చెప్పకు." తర్వాత చిప్పలోంచి ఒక బిళ్ళ తీసి తన కింద దాచుకున్నాడు. పదకొండు పిల్లలు రాగానే చిప్ప ఖాళీ అవుతుంది, తలుపు పడుతుంది, పన్నెండోది తన నోట్లో పడుతుంది.

నడుం వాల్చిందే గాని చుక్కమ్మకు మనసు ఊరుకోలేదు. మధ్యాహ్నం లేచి చిప్పకేసి చూసింది. బిళ్ళలు అంచు దాటలేదు. తిరిగొచ్చిన పిల్ల ఒక్కటీ లేదు. అంటే ఎవరో ఒక బిళ్ళ తీశారు. నక్కను అడిగితే నాకేం తెలుసంటాడు. సంతమైదానానికి పరుగెత్తి, గోళ్ళు అరిగేలా గీరి మరో బిళ్ళ సంపాదించింది. దారిలో ఎద్దు గంగన్నకు సంగతి చెప్పుకుంది. జిత్తయ్య కునుకుతుంటే ఆ బిళ్ళను చిప్పలో జారవిడిచింది.

పొద్దుగూకింది. పదకొండు పిల్లలు తలా ఒకటి తీసుకుని లోపలికి పోయాయి.

"చిప్ప ఖాళీ, తలుపేసుకోమ్మా," అన్నాడు జిత్తయ్య, అటు చూడకుండానే.

"చూసి చెప్పు మామా."

చూశాడు. అడుగున ఒక బిళ్ళ ఉంది. "ఇది... ఇదెక్కడిది?"

"నా పిల్లది. ఇంకా రాలేదు."

"అయ్యో, నేను వెతికొస్తా," అని లేవబోయాడు. తోక రాలేదు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, దాని మీద గంగన్న కాలుంది.

"కూచో అల్లుడూ. కాపలావాడు కదలకూడదు," అన్నాడు గంగన్న, నెమరు ఆపకుండా.

"నా పిల్ల ఎక్కడ?" అంది చుక్కమ్మ. గంగన్న కాలు ఇంకాస్త బరువెక్కింది.

"తుమ్మపొద... తుమ్మపొద దగ్గర."

చుక్కమ్మ పడుతూ లేస్తూ పోయింది. ఉబ్బిన పొట్టతో ఉన్న బుజ్జోణ్ణి నెత్తిన ఒక్క పోటు పొడిచి, రెక్క కింద పెట్టుకుని ఏడ్చింది. వాణ్ణి ఇంటికి చేర్చాక గంగన్న కాలు కొంచెం సడలించాడు. జిత్తయ్య ఒక్క గుంజు గుంజి, సగం తోక బొచ్చు అక్కడే వదిలి పరుగందుకున్నాడు.

"ఊడినవి ఎన్ని వెంట్రుకలో అంచనా కట్టుకుంటూ పో," అన్నాడు గంగన్న వెనక నుంచి.

నీతి: నోటికి లెక్క వస్తే చాలదు, కంటికి అంచనా తెలిసినవాడే మోసపోడు.