పుల్లడు ఓకే చేసిన షాటు

"గురువుగారూ, మీరు మనుషులతో సినిమా ఎప్పుడు తీస్తారు?" అని పరాంకుశం ఒకనాడు అడిగేశాడు. దర్శకుడు భుజంగరావుగారి దగ్గర సహాయకుడిగా చేరి చాలా ఏళ్ళయింది అతనికి. పైకి అన్నది అతనొక్కడే గానీ, సినిమా వాళ్ళంతా వెనకాల అనుకునే మాటే అది. భుజంగరావుగారు తీసినవన్నీ ఇంటిల్లిపాదీ పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి చూసే సినిమాలు. వాటిలో తప్పిపోయిన మేకపిల్లదో, మాట వినని గాడిదదో, కాపలా కుక్కదో నాయకపాత్ర. జనం నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని చూశారు. పరిశ్రమ మాత్రం ఆయనకి గొడ్ల డైరెక్టరని పేరు పెట్టింది. ఆ పేరు శిష్యుడికీ అంటుకుంది. సొంతంగా ఒక్క సినిమా ఇమ్మని ఎవరి గుమ్మం ఎక్కినా, "నీకు కుక్కల్ని తియ్యడమేగా వచ్చు" అని పంపేస్తుంటే పరాంకుశానికి కడుపు మండేది. మండదూ మరి?

భుజంగరావుగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే రకం కాదు. "రేపు షూటింగుకి రా" అన్నారు. రాక చస్తాడా, అతని పనే అది.

అప్పుడు తీస్తున్నది కరువులో అమ్మేసిన ఎద్దు తన రైతుని వెతుక్కుంటూ తిరిగొచ్చే కథ. ఎద్దు పేరు పుల్లడు. ఈసారి నిర్మాత చలమయ్య పట్టుబట్టి రైతు పాత్రకి ఒక పెద్ద హీరోని తెచ్చాడు. భుజంగరావుగారికి ఒక పట్టింపు ఉంది. జంతువుతో నటించే మనిషి ఎంతటివాడైనా, షూటింగుకి ముందు కొన్నాళ్ళు పొద్దున్నే వచ్చి దానికి మేత వెయ్యాలి, ఒళ్ళు కడగాలి, పక్కన కూచోవాలి. ఆయన జంతువులకి నటన నేర్పరు. పరిచయం చేస్తారు, అంతే. హీరోగారు అలాగేనన్నారు. అని, అంత పొద్దున్నే లేవలేక, తన డూపు యాకోబుని పంపించారు. మేడ మీంచి దూకడానికీ, మంటల్లో పరిగెత్తడానికీ డూపుని పంపే అలవాటు కదా, స్నేహం చెయ్యడానికీ పంపొచ్చనుకున్నారు పాపం. ఇది కుదరదని భుజంగరావుగారు చెప్పి చూశారు. "ఎద్దుకేం తెలుసండీ అటుకుల రుచి. ఇద్దరి ఒడ్డూ పొడుగూ ఒకటే, చొక్కా కూడా ఒకటే. కానివ్వండి" అన్నాడు చలమయ్య.

పరాంకుశాన్ని రమ్మన్న రోజున, ఎద్దు రైతుని చేరే షాటుకి పొలం మధ్య హీరోగారు చేతులు చాచి నిలబడ్డారు. కెమెరా తిరిగింది. గట్టు మీంచి పుల్లణ్ణి వదిలారు. అది మెల్లగా నడిచొచ్చి, హీరోగారి ముందు ఆగి, వాసన చూసి, ఆయన్ని దాటుకుని పోయింది. వెనకాల చెట్టు కింద టీ తాగుతున్న యాకోబు భుజం మీద మోర ఆనించింది. యాకోబు బిక్కచచ్చిపోయి, గ్లాసు కింద పెట్టడం కూడా మరిచి, రెండో చేత్తో దాని గంగడోలు నిమిరాడు. భుజంగరావుగారు కట్ చెప్పలేదు. కెమెరాని అటు తిప్పించారు. చూస్తున్నవాళ్ళలో సగంమంది కళ్ళు తుడుచుకున్నాక, తాపీగా "షాట్ ఓకే" అన్నారు.

హీరోగారి మొహం మాడిపోయింది. "అది నా దగ్గరికి రాకపోతే నేను వెళ్ళిపోతాను" అన్నారు. చలమయ్య ఎక్కడినుంచో ముల్లుగర్ర తెప్పించాడు. వెనకనుంచి పొడిస్తే ఎద్దు హీరో వైపు పరిగెడుతుందట, కర్ర కెమెరాలో పడదట. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అన్నారా?

"ఎద్దు తప్పేమీ చెయ్యలేదు. హీరోని మార్చండి" అన్నారు భుజంగరావుగారు.

"డైరెక్టర్నే మారుస్తా" అని చలమయ్య ఆ కర్ర తెచ్చి పరాంకుశం చేతిలో పెట్టాడు. "అబ్బాయ్, ఈ షాటు నువ్వు తియ్యి. సినిమా నీ పేరు మీద వస్తుంది. హీరోగారి తర్వాతి సినిమా కూడా నీదే. అందులో గొడ్లుండవు."

పరాంకుశం ఇన్నేళ్ళు ఏ మాట కోసం గుమ్మాలెక్కి దిగాడో ఆ మాటే ఇది. గురువు వైపు చూశాడు. ఆయన కెమెరా అద్దం తుడుచుకుంటున్నారు. ఒక్క మాటైనా అనొచ్చుగా అని శిష్యుడికి కోపం కూడా వచ్చింది. కర్ర పట్టుకుని పుల్లడి వెనక్కి నడిచాడు. దాని కొసన ఉన్న మేకుని వేలితో తడిమితే చురుక్కుమంది. ఇంతలో యాకోబు వచ్చి ఎద్దుకీ అతనికీ మధ్య నిలబడ్డాడు. "పొడవొద్దు సార్. రేపట్నించి నాకు పని లేకపోయినా సరే" అన్నాడు. పక్కకి జరగలేదు.

పరాంకుశం కర్రని మోకాలికేసి విరిచాడు. ఆ ముక్కలు తీసుకెళ్ళి చలమయ్య కాళ్ళ దగ్గర పడేశాడు. "గొడ్ల డైరెక్టరు శిష్యుణ్ణండీ నేను. ఈ పని నాకు రాదు" అన్నాడు.

కార్లన్నీ వెళ్ళిపోయాయి. పొలంలో ఎద్దు, యాకోబు, గురుశిష్యులు, భుజంగరావుగారి సొంత కెమెరా మిగిలాయి. పరాంకుశం విరిగిన కర్ర ముక్కలు ఏరి అవతల పారేశాడు.

"సినిమా పోయింది గురువుగారూ. ఇప్పుడేం చేద్దాం?"

"మనుషులతో సినిమా ఎప్పుడు తీస్తారని అడిగావుగా" అన్నారు భుజంగరావుగారు. "ఇవాళ ఇద్దరు దొరికారు. కెమెరా పెట్టు."