సుడిగాలి పట్టీ, సర్వప్ప ఛాతీ

నల్లకోనను ఏలిన భైరవరాజుకు ఉన్నట్టుండి ఒక ముచ్చట పుట్టింది. ఈసారి దసరాకు ఏనుగెక్కి కాదు, గుర్రమెక్కి ఊరేగాలని. ఏనుగు మీద కూర్చుంటే జనం ఏనుగునే చూస్తున్నారట, రాజును ఎవరూ చూడటం లేదట!

గుర్రానికేం, సుడిగాలి అనే మేలుజాతి గుర్రం లాయంలోనే ఉంది. దాన్ని సింగారించాలి, అంతే. ఆ పని గుర్రపుదళానికి పెద్ద అయిన సర్వప్ప నాయకుడు మీదేసుకున్నాడు. అబ్బో, ఏం మనిషండీ ఆయన! సభలోకి ముందు ఛాతీ వచ్చేది, కాసేపటికి మనిషి వచ్చేవాడు.

కాళ్లు పెట్టుకునే రికాబులు బంగారంతో చేయించాడు. ముద్దుగానే ఉన్నాయి గానీ పాదం సగమే దూరేది. మడమలకు కట్టుకునే ముళ్లకు వెండి గుబ్బలు తొడిగించాడు. వాటితో పొడిస్తే గుర్రానికి చక్కిలిగింతే. ఇక జీను జారకుండా గుర్రం పొట్ట కింద నుంచి బిగించే పట్టీ ఉంటుంది చూశారూ, అది ఎవరి కంటా పడదు కాబట్టి ఆయనా పట్టించుకోలేదు. దాన్ని మాత్రం జీనులు కుట్టే పెంచలయ్య ఎప్పటిలాగే దున్నపోతు తోలుతో గట్టిగా కుట్టి ఇచ్చాడు.

కుట్టడం వరకే పెంచలయ్య వంతు. రాజుగారి గుర్రానికి పట్టీ బిగించే గౌరవం సర్వప్పది.

"ఒక్క గుంజుడు! రెండో గుంజుడు మా వంశంలోనే లేదు" అనేవాడాయన. గుర్రం డొక్కలో మోకాలితో గుద్ది, ఒక్కసారి గుంజి, మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయేవాడు.

దసరా వచ్చింది. ఊరేగింపు కోటగుమ్మం దాటిందో లేదో, జీను పక్కకి తిరిగింది. జీనుతోపాటు రాజూ తిరిగాడు. ఈసారి రాజు జనానికి బాగానే కనిపించాడు. కాకపోతే గుర్రం పొట్ట కింద.

మర్నాడు సభలో విచారణ. రికాబులు బంగారం, ముళ్లు వెండి, వాటి తప్పెలా అవుతుంది? సర్వప్ప ఆ తోలు పట్టీ తెచ్చి సభ మధ్యలో పడేశాడు.

"నేను బిగించినప్పుడు వేలు దూరే సందు లేదు ప్రభూ. గుమ్మం దాటేసరికి పిడికిలి దూరింది. తోలు సాగిపోయింది! వీడిది నాసిరకం సరుకు."

"ఏమంటావు పెంచలయ్యా?" అన్నాడు రాజు.

"తోలు సాగలేదు ప్రభూ. ఆ గుర్రం..."

"విన్నారా! ఏలినవారి గుర్రాన్నే అంటున్నాడు!" అని సర్వప్ప అందుకున్నాడు.

రాజుకు సర్రున కోపమొచ్చింది. "నా సుడిగాలిని ఒక్క మాటంటే ఊరుకోను. రేపు పొద్దుగూకేలోగా పెళ్లాంపిల్లలతో పొలిమేర దాటిపో."

పెంచలయ్యది తాతల నాటి నుంచి తోలు కుట్టే ఆరె, దారం పట్టుకుని ఆ కోట నీడనే బతికిన కుటుంబం. ఇప్పుడు ఏ ఊరు పోతాడు? తన తప్పు లేకుండా పోవాలంటే కడుపు మండదూ! కళ్లు తుడుచుకుని తలెత్తాడు. ఎదురుగా సర్వప్ప ఛాతీ కనిపించింది. ఏడుపు ఆగిపోయింది.

"పోతాను ప్రభూ. కానీ తోలు సాగుతుందో లేదో ఇక్కడే, అందరి ముందూ తేల్చండి. సాగితే రేపటిదాకా ఎందుకు, ఇవాళే పోతాను."

"ఎలా తేలుస్తావు? గుర్రాన్ని సభలోకి తోలుకొస్తావా?"

"గుర్రం ఎందుకు ప్రభూ? గుర్రమంత ఛాతీ ఉన్నవారు ఒక్కరుంటే చాలు."

అందరూ సర్వప్ప వైపు చూశారు. ఇంకొకడైతే అనుమానపడేవాడు. ఆయన మురిసిపోయాడు.

"అంత ఛాతీ ఈ రాజ్యంలో ఇంకెవరికుందిరా? బిగించు!" అంటూ వచ్చి, ఉన్న గాలంతా పీల్చి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

పెంచలయ్య పట్టీ చుట్టి ఒక్క గుంజుడు గుంజాడు. రాజే స్వయంగా దిగివచ్చి చూశాడు. వేలు దూరలేదు.

"గట్టిగానే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?"

"కాసేపు చూడటమే ప్రభూ. ఈలోగా నాయకులవారు తమ బిరుదులు వినిపిస్తే విని తరిస్తాం. ఊరు విడిచి పోయేవాణ్ణి, మళ్లీ వింటానో లేదో."

సర్వప్పకు ఇరవై రెండు బిరుదులు. అందులో పద్దెనిమిది ఆయన పెట్టుకున్నవే.

"అరివీరభయంకర! అశ్వహృదయవేది! రణరంగసింహ!..."

బిరుదు బిరుదుకీ కాస్త గాలి పోతోంది. నాలుగోదానికి పట్టీ వదులైంది. ఏడోదానికి నడుముకొచ్చింది. ఆయన ధ్యాసలో ఆయనున్నాడు. "అచలధీర!" అని గర్జించి, రాజుకు దణ్ణం పెడుతూ ఒక అడుగు ముందుకేశాడు. అప్పటికి పట్టీ కాళ్ల దగ్గరుంది.

అచలధీరుడు దబ్బున బోర్లాపడ్డాడు.

సభ ఊపిరి బిగబట్టింది. రాజు నవ్వకుండా ఎవరు నవ్వుతారు?

"పెంచలయ్యా, తోలు సాగిందా ఏమిటి?" అన్నాడు రాజు.

"కొలిపించండి ప్రభూ. తోలు ఎంతుందో అంతే ఉంది. తగ్గింది నాయకులవారే."

రాజు నవ్వు ఆపుకుంటున్నాడు.

"డొక్కలో గుద్ది బిగిస్తే సుడిగాలీ ఇలాగే గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది ప్రభూ. నాలుగడుగులు వేశాక వదిలేస్తుంది. అందుకే ఒకసారి బిగించి, పదడుగులు నడిపించి, మళ్లీ బిగించాలి. ఈ మాటే తమరు అడగ్గానే చెప్పబోయాను, గుర్రం పేరెత్తితే తప్పయింది. సరే, నాయకులవారి చేతే చెప్పించాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక సభను పట్టేవారెవరు!

"నీ శిక్ష రద్దు. ఈ రోజు నుంచి సుడిగాలికి పట్టీ బిగించేది నువ్వే. ఆ బంగారు రికాబులు నీకు బహుమానం. నాకు మాత్రం పాదం నిండా పట్టే ఇనప రికాబులు చేయించు" అని, రాజు కిందికి చూశాడు. "లేవయ్యా సర్వప్పా! ఇంకా ఎన్ని బిరుదులు మిగిలాయి?"

పెంచలయ్య పట్టీ చుట్టుకుంటూ వినయంగా అన్నాడు:

"పదడుగులు నడిపించి అడగండి ప్రభూ. ఇప్పుడే అడిగితే మళ్లీ ఉబ్బిస్తారు."

సభంతా గొల్లుమంది.