ఎదురుగా మూడు పళ్లేలు

పొద్దుటినుంచీ దస్తగిరికి కాలు నిలవడం లేదు. అక్క మాబున్ని మధ్యాహ్నం బస్సుకు తానుంటున్న దర్గాకు వస్తోంది. ఈసారైనా చెప్పేయాలి. తనలో తానొక్కడే లేడని, చిన్నప్పటినుంచీ ఒక పాప, ఒక పెద్దాయన కూడా ఉన్నారని. పోయినసారి చెబుదామని నోరు తెరిచి, వానల సంగతి మాట్లాడి పంపించాడు. దయ్యం పట్టిందని అక్క మంత్రగాడి దగ్గరికి లాక్కుపోతే?

దర్గాలో తనను చేరదీసిన గురువు హుసేనప్పకు ముగ్గురూ తెలుసు. ఎవరు పలికితే వాళ్లతో మాట్లాడతాడు, అంతే.

"సామీ, మీరు చెబితే అక్క నమ్ముతుంది. మీరే చెప్పండి," ఆరోసారి అడిగాడు దస్తగిరి.

"బియ్యం కడిగినావా?" అన్నాడు గురువు.

ఇదేం మనిషిరా అనుకుంటూ కడిగాడు. పప్పులో రెండుసార్లు ఉప్పేశాడు. నాలుగుసార్లు రోడ్డు దాకా పోయొచ్చాడు.

అక్క రానే వచ్చింది. గురువు తానే గుడ్డ పరిచి, ఆమె ముందు ఒక పళ్లెం పెట్టాడు. ఎదురుగా వరసగా మూడు పెట్టాడు.

"ఇంకెవరొస్తారు సామీ?"

"నాకు ఈ రోజు ఒక్కపొద్దు తల్లీ. ఎవరో నీ తమ్ముణ్ణడుగు," అని బయటికెళ్లి కూర్చున్నాడు.

ఎంత పని చేశాడు! దస్తగిరి తల వంచుకుని ఒక్కో పళ్లెమే చూపించాడు.

"ఇది నాది. ఇది ఒక పాపది. ఉరిమితే మంచం కింద దూరేది నేను కాదక్కా, ఆ పాప. ఇది ఒక పెద్దాయనది. కష్టమొస్తే ఆయన ముందుకొస్తాడు. అప్పటి సంగతులు నాకు గుర్తుండవు. దయ్యాలు కాదక్కా. నాతోపాటే ఉన్నోళ్లు."

మాబున్ని మూడో పళ్లెం తన దగ్గరికి జరుపుకుంది. లేచి పారిపోదామా అనిపించింది దస్తగిరికి.

"నాయన్ని మట్టి చేసిన రోజు, కంట తడి లేకుండా నిలబడింది ఎవరు?"

"ఆయనే."

"రాతిగుండెవాడివని అందరి ముందూ తిట్టినాను. గుర్తుందా?"

"నాకు లేదక్కా. ఆయన విన్నాడు."

ముందుగా ఆ మూడో పళ్లెంలోనే అన్నం పెట్టింది మాబున్ని. పప్పు పోసింది.

"ఆయన్ని రమ్మను," అంది. "తిట్టింది ఆయన్ని కదా. తప్పైందని నీతో చెప్తే ఎట్లా?"