శరభయ్యగారి తలకు నిమ్మగడ్డి నూనె

పసిడివాడ రాజు నరసభూపతికి ఒకరోజు తుమ్ము వచ్చింది. మామూలు తుమ్మా అది! కిరీటం ఎగిరి పక్క రాజ్యంలో పడితే, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి సంధి చేసుకోవలసి వచ్చింది.

తప్పంతా తాటాకులది. జీతాల లెక్కలు రాసిన కట్టలు కొలువు పక్క గదిలో పైకప్పు దాకా పేరుకుపోయాయి. ఒక్క కట్ట విప్పితే చాలు, లేచిన దుమ్ముకి మిట్టమధ్యాహ్నమే దీపాలు పెట్టుకునేవారు.

"ఇక నా కొలువులో ఆకన్నది కనబడకూడదు!" అన్నాడు రాజు ముక్కు తుడుచుకుంటూ. మరుక్షణమే నాలిక్కరుచుకుని, "తమలపాకు తప్ప," అన్నాడు. "ఆకు లేకుండా జీతాల లెక్క ఉంచగలవాడెవడైనా ఉన్నాడా?"

శరభయ్య లేచాడు. ఒకసారి విన్నది జన్మలో మరిచిపోనని చెప్పుకునే ఆస్థాన పండితుడు. తన తలంటే ఆయనకెంత మురిపెమంటే, తెలివి ఆవిరైపోతుందేమోనని ఇంట్లో భోంచేసేటప్పుడు కూడా పట్టుగొడుగు పట్టించుకునేవాడు.

"ప్రభూ, ఈ తలకాయ ఉండగా తాటాకులెందుకు? కొలువులో ప్రతి మనిషి జీతమూ ఇందులో వేసుకుంటాను. దుమ్ము లేదు, ధూళి లేదు!"

రాజు మురిసిపోయాడు. లెక్కల పెత్తనం శరభయ్యకిచ్చి, పున్నమి నాటి ఉదయం పాత ఆకులన్నీ తన వేణ్ణీళ్ళ పొయ్యిలో వేసెయ్యమన్నాడు.

పున్నమికి ముందురోజే జీతాలు. శరభయ్య కళ్ళు మూసుకుని ఒక్కొక్కరి జీతం చెబుతుంటే, ఖజానావాడు లెక్కపెట్టి ఇస్తున్నాడు. శరభయ్యకి గొడుగు పట్టేవాడి జీతం రెట్టింపుగా గుర్తుకొచ్చింది. ఆయన్ని పొగిడిన వంటవాడి జీతమైతే ఏకంగా సేనాపతి జీతాన్ని దాటిపోయింది. ఏనుగు మావటి ఎర్రప్పకి మాత్రం నాలుగే వరహాలు.

"నాది ఎనిమిది కదా సామీ?"

"నా తలలో నాలుగే ఉందిరా. నీ తలలో ఎంతుంటే నాకేం?"

ఎర్రప్ప పరుగున సూరాంబ దగ్గరికి పోయాడు. రాజుగారి తాంబూలం పెట్టె చూసుకునేది సూరాంబే. ఆవిడ మాట పదునుకి అడకత్తెర లేకుండానే వక్కలు తెగేవి.

"అమ్మా, నా ఎనిమిదీ ఆ ఆకుల్లోనే ఉంది. రేపు పొద్దున అవి పొయ్యిలోకి పోతే నేను బతికినన్నాళ్ళూ నాలుగే. ఇంట్లో ఆరుగురం, ఏం తిని బతకాలి?"

"ఏడవకు నాయనా. నువ్వేడిస్తే నీ ఏనుగూ ఏడుస్తుంది, కోట మునిగిపోతుంది. రేపు పెందలాడే కొలువుకి రా. అంకుశం మాత్రం మరిచిపోకు."

తెల్లవారింది. ఆకుల కట్టలు పొయ్యి దగ్గరికి మోయడానికి కూలీలు వచ్చి నిలబడ్డారు. సూరాంబ రాజుగారికి తాంబూలం అందించింది.

"ప్రభూ, కొత్త పద్ధతి బ్రహ్మాండంగా ఉంది. చిన్న సందేహం. జీతాల లెక్క ఎలా ఉంచాలో మీ తాతగారు గుమ్మం పక్కన రాతి మీద చెక్కించారు కదా, అది దీనికీ వర్తిస్తుందా?"

"తాతగారి మాట! నా ముక్కు ఊడిపడినా ఆ మాట తప్పేది లేదు!" అన్నాడు రాజు.

"శరభయ్యగారూ, మరి లెక్కంతా మీ తలలోనే ఉంది కదా?"

"అంతా! ఈ తలే లెక్క, లెక్కే ఈ తల!"

సూరాంబ చప్పట్లు కొట్టింది. నిమ్మగడ్డి నూనె బాన, రెండు చెక్కపలకలు, నులకతాడు పట్టుకుని భటులు దిగారు. తాటాకుల కట్టలు భద్రం చేసే సరంజామా అదంతా.

"రాతి మీద మొదటి మాట. జీతాల లెక్క ఏడేళ్ళపాటు తాళం వేసిన గదిలో ఉండాలి."

"ఏడేళ్ళా! మరి మా ఆవిడ?"

"అడిగాను లెండి. పదేళ్ళైనా ఫరవాలేదంది. రెండోమాట, లెక్కకి తడి తగలకూడదు. అంటే స్నానం లేదు."

శరభయ్య పక్కన కూర్చున్నవాళ్ళు అప్పుడే జరిగి, జరిగి, గోడకి అతుక్కుపోయారు.

"మూడోమాట. పురుగు పట్టకుండా నూనె రాసి, పలకల మధ్య బిగించాలి."

బాన ఒంపేశారు. నూనె శరభయ్య గడ్డం మీదుగా కారి మెట్లు దిగి వీధిలోకి ఏరై పారింది. రెండు చెవులకీ రెండు పలకలు ఆనించి తాడు బిగించారు.

"ఇక ఆఖరిమాట," అంది సూరాంబ తాపీగా. "జీతగాడు ఎవడు అడిగినా, లెక్క విప్పి చూపించాలి. ఎర్రప్పా, రా నాయనా."

అంకుశం భుజాన వేసుకుని ఎర్రప్ప వచ్చాడు. పండితుడి తల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

"ఎటువైపు నుంచి విప్పమంటారు ప్రభూ?"

శరభయ్య పెట్టిన కేకకి ఏనుగుశాలలో ఎర్రప్ప ఏనుగు కట్టుతాడు తెంపుకుంది.

"ఎనిమిది! వాడికి ఎనిమిదే! ఆకులు కాల్చకండి ప్రభూ, లెక్కంతా వాటిల్లోనే ఉంది! నా తలలో ఏమీ లేదు!"

సూరాంబ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో! విప్పకముందే అంతా చెరిగిపోయిందే!"

రాజు నవ్విన నవ్వుకి బురుజు మీది జెండాలు రెపరెపలాడాయి. కూలీలు కట్టలు కింద పెట్టేసి నవ్వారు. చివరికి ఖజానావాడు కూడా నవ్వాడు, పుట్టాక అదే మొదటిసారి.

"బాగానే ఉంది సూరాంబా, మరి నా తుమ్ముల సంగతో?"

"బానలో మిగిలిన నూనె ఆకులకి రాయించండి ప్రభూ, దుమ్ము లేవదు. అదీ వద్దంటే రాగిరేకులు తెప్పిస్తారో, మరింకేం తెప్పిస్తారో మీ ఇష్టం. ఏదొచ్చినా సరే, ముందు తాతగారి రాయి దగ్గర నిలబడి ఆ నాలుగు మాటలకీ జవాబు చెప్పాకే లోపలికి రానివ్వండి."

రాజు ఎర్రప్పకి తక్కువైన నాలుగు వరహాలకి మరో నాలుగు కలిపి, శరభయ్య సంచిలోంచే ఇప్పించాడు. సూరాంబకి బంగారు తాంబూలం పెట్టె, దానితోపాటు ఆ పట్టుగొడుగు కూడా బహుమతిగా ఇచ్చాడు.

ఆ పూట సూరాంబ గొడుగు నీడలో దర్జాగా ఇంటికి నడిచింది. వెనకాల గొడుగు పట్టుకుని, దారి పొడుగునా నూనె కార్చుకుంటూ నడిచింది శరభయ్యగారే.