గంపమ్మ తల్లి మేటి పుంజును నిలిపిన వ్రత కథ

అక్షతలు చేత నుంచుకొని, పొదుగు గంప వైపు తిరిగి కూర్చుండి అందరును వినుడు.

ఒకానొక కాలమున మౌద్గల్య ముని శాండిల్య మహర్షిని సమీపించి, ఒకే ఊర ఒకే గింజలు చల్లి కోళ్లు పెంచువారిలో ఒకరి కోళ్లు తరతరమునకు పెరుగుచుండగా, మరియొకరివి తరతరమునకు కుంగిపోవుటకు కారణమేమి, ఆ కుంగు తొలగించు వ్రతమేది అని అడిగెను. శాండిల్యుడు సంతసించి ఇట్లు చెప్పెను.

పూర్వము కంచరమెట్ట అను గ్రామమున గవరయ్య అను గృహస్థుడును, అతని భార్య ముత్యాలియు ఉండిరి. వారింట అత్తగారి నాటి పెద్దజాతి కోళ్లు ఉండెను. పుంజు మూడు వీశెలు తూగెను. పెట్ట పెట్టిన గుడ్డు అరచేయి నిండెను. ఆ గుడ్లును ఆ మాంసమును ఇంటిల్లిపాదిని పోషించెను. అత్తగారు కన్నుమూయుచు వెదురు గంపను కోడలి చేత పెట్టి, "అమ్మీ, పెద్దదాన్ని గంప కింద పెట్టు, చిన్నదాన్ని పొయ్యి మీద పెట్టు. ఇది తిరగేశావా, గంపమ్మ తల్లి ఊరుకోదు" అని చెప్పెను.

ముత్యాలి ఏటేటా మాఘమాసమున మేటి పుంజునకును మేటి పెట్టకును పసుపు దారము కట్టి, ఆ జోడు గుడ్లు పదకొండింటిని పొదుగ వేసి, ఇరువదియొక్క దినములు గంపమ్మను పూజించుచుండెను. దారము కట్టిన కోడిని కోయకుండుటయే ఆ వ్రతమునకు నియమము.

ఒక ఏడు పెట్ట ఇంకను పొదుగునకు రాకమునుపే ముత్యాలి తమ్ముడు బంగారయ్య చుట్టపుచూపుగా వచ్చెను. గవరయ్య పసుపు దారము తెంపి మేటి పుంజును పట్టెను. ముత్యాలి అడ్డుపడగా, "బామ్మర్ది వస్తే బక్కకోడి కోస్తానా? నా పరువేం కావాలి?" అని కసరెను. కూర రుచిగా ఉండెను గనుక ఎవరును తప్పు తలపరైరి. ముత్యాలి మాత్రము ఆ జోడు గుడ్లు పదకొండును తవుడులో పొందుపరచి, వ్రత నియమము చెప్పి, తమ్మునిచేత మరదలు సన్యాసమ్మకు పంపెను.

మిగిలిన పుంజులలో పెద్దది రెండున్నర వీశెలే. పిల్లలు దాని పోలికనే పుట్టెను. మరుసటి ఏడు గ్రామపెద్ద విందునకు రాగా గవరయ్య ఉన్న పుంజులలో పెద్దదానిని మరల కోసెను. సంతానము రెండు వీశెలకు దిగెను. గంపమ్మ తల్లికి కోపము వచ్చినదని భయపడి, మూడవ ఏడు ఆమె పేరనే పెద్ద పుంజును బలి ఇచ్చెను. పై ఏడు వీశెన్నర తూగు పుంజు లేదాయెను. గుడ్లు నిమ్మకాయలంత ఆయెను. బంగారయ్య మరల వచ్చి గంప ఎత్తి, "బావా, కోడేదీ? దీని కింద పావురం దూరింది!" అని నవ్వెను.

గవరయ్య సిగ్గుతో కుమిలి, పాత జాతిలో మిగిలిన ఒకే ఒక ముసలి పెట్టను సైతము బలి ఇచ్చుటకు కాళ్లు పట్టి ఎత్తెను. అది పోయిన ఆ ఇంట పెద్దజాతి పేరే పోవును. అంతలో గంపలు అల్లి అమ్ము ముసలమ్మ ఒకతె వాకిట నిలిచి, వదలుమనెను.

"తల్లికి ఇస్తుంటే మధ్యలో నీకెందుకమ్మా?" అని గవరయ్య విసుగుకొనెను.

"నాది నాకే కోసి పెట్టడానికి నువ్వెవడివిరా? మేలైనదాన్నల్లా కడుపులో వేసుకున్నావు, మిగిలినదాన్ని పిల్లలు చెయ్యమన్నావు. అది తనలాంటిదాన్ని కనక ఏనుగును కంటుందా?"

గవరయ్య చేయి వదలెను. ముసలమ్మ అదృశ్యమాయెను. వాకిట కొత్త గంప ఒకటి మాత్రము ఉండెను.

ముత్యాలి వెంటనే తమ్ముని ఊరికి పోయెను. సన్యాసమ్మ పెరటిలో పసుపు దారముతో మూడు వీశెల పుంజు నిలిచియుండెను. "వదినా, నువ్వు పంపిన గుడ్ల బిడ్డే ఇది. మీ తమ్ముడు మూడుసార్లు కత్తి తీశాడు, మూడుసార్లూ నేను చీపురు తీశాను" అని చెప్పి మరదలు దానిని ఆమె చేత పెట్టెను.

ముసలి పెట్ట ఆ పుంజుతో కూడి గుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండెను. ఇరువదవ దినమున గ్రామపెద్ద పరివారముతో వచ్చి ఆ పుంజునే కోరెను. గవరయ్య చేతులు జోడించి, "అయ్యా, పొట్టికోళ్లు ఎన్నైనా కోస్తాను. ఆ దారం కట్టింది మాత్రం మా ఇంటి పెద్ద, దాన్ని అడక్కండి" అని నిలిచెను. మరునాడు పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలాయెను.

మూడేండ్లు మేటి కోళ్లను నిలిపి, తక్కిన కోళ్లను వండుకొనిరి. పిదప బంగారయ్య విందునకు వచ్చి, కుండ మూత తీసి, తొడ పరిమాణము చూచి అదరిపడి, "బావా, నా కోసం మేటి పుంజునే కోశావా!" అనెను.

"కాదోయ్. ఇంట్లో ఉన్నవాటిలో ఇదే బక్కది" అని గవరయ్య బదులిచ్చెను. పెరటిలో గంప కిందనుండి పుంజు ఊరంతయు వినునట్లు కూసెను.

కావున మౌద్గల్యా, పెరట ఒక్క పెట్ట ఉన్న ఇల్లాలు మొదలు మందలు కాచువారి వరకు, మునుపు చేసి మానినవారును, తెలియక మేటిదానిని కోసినవారును ఈ వ్రతము చేయవచ్చును. చేసినవారి గంప ఖాళీ కాదు, గుడ్డు చిన్నది కాదు, చుట్టము ఆకలితో పోడు. ముఖ్యముగా కోడలు అత్తగారి నాటి జాతిని తన కోడలికి తక్కువ చేయక అప్పగించును.

అక్షతలు గంపపై చల్లి, మిగిలినవి శిరస్సున ధరించి, ఇక గంప ఎత్తుడు. పుంజు కూతయే మనకు మంగళహారతి.